ఉన్నత కళాశాలా ప్రవేశము: అవకాశమును లెక్కించుట యెట్లు?

విద్యార్థులారా,

పరీక్షలు ముగిసిన వేసవిలో మన యాకుత్‌పురా గృహములయందు రెండు విధములైన మాటలు వినవచ్చుచుండును. “అంతటి కళాశాలలో మనకు సీటెక్కడిది?” అని కొందరు దరఖాస్తు నైనను పెట్టక విరమింతురు. “మనకు రిజర్వేషను కలదు గదా, సీటు దానంతట నదియే వచ్చును” అని మరికొందరు పుస్తకము మూసి కూర్చుందురు. ఈ రెండును లెక్క చూడనివారి మాటలే. గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్కించుకొను దృష్టాంతమును సువార్తలో మీరు చదివియే యున్నారు. ఆ రీతిగనే ప్రవేశపు అవకాశమును గూడ లెక్కించి చూచుట యెట్లో యీ పాఠమున తెలిసికొందము.

1. పూర్వ చరిత్రము

కళాశాలా సీట్లను సంఘముల వారిగా పంచుట మన దేశమున క్రొత్త విషయము కాదు. మదరాసు రాష్ట్రమున అమలైన కమ్యూనల్ జీ.ఓ. ప్రకారము ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియనులకును క్రైస్తవులకును కలిపి 1, మహమ్మదీయులకు 1 చొప్పున నుండెను. చంపకం దొరైరాజన్ వ్యాజ్యెమున 1951 ఏప్రిల్ 9న సుప్రీం కోర్టు దీనిని కొట్టివేసెను. ఆ యేడే రాజ్యాంగమునకు మొదటి సవరణ జరిగి, వెనుకబడిన తరగతులకు ప్రత్యేక వసతులు కల్పించు 15(4) అధికరణము చేరెను. నేటి రిజర్వేషన్లకు మూల మిదియే.

మన నగరమున 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమునందు మొదట ఉర్దూయే బోధనాభాష. తెలుగు బాలురకు భాషయే మొదటి ద్వారమయ్యెను. నేడో, ఎప్‌సెట్, నీట్ పరీక్షలను తెలుగునందును ఉర్దూనందును గూడ వ్రాయవచ్చును. ఆ ద్వారము తెరువబడినది.

2. నూటికి ఎన్ని?

తెలంగాణ రాష్ట్ర కళాశాలలలో వెనుకబడిన తరగతులకు నూటికి 29, షెడ్యూల్డు కులములకు 15, షెడ్యూల్డు తెగలకు 2022 నుండి 10 సీట్లు కేటాయింపబడినవి. ఆ 29లో ఎ వర్గమునకు 7, బి వర్గమునకు 10, సి వర్గమునకు 1, డి వర్గమునకు 7, ఇ వర్గమునకు 4. ఇ వర్గము వెనుకబడిన ముస్లిం సమూహములది. 2007 నాటి చట్టముచే నేర్పడినది. 2010లో ఉన్నత న్యాయస్థానము దానిని కొట్టివేయగా, సుప్రీం కోర్టు మధ్యంతర ఉత్తరువుచే అది కొనసాగుచు వచ్చినది.

సి వర్గము క్రైస్తవ మతము స్వీకరించిన షెడ్యూల్డు కులముల వారిది. 1950 నాటి ఉత్తరువు షెడ్యూల్డు కుల ప్రతిపత్తిని హిందువులకు పరిమితము చేసెను, 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును అది లభించెను, క్రైస్తవులకు లభింపలేదు. అందుచేత మన సంఘమునందలి పెక్కు కుటుంబముల బిడ్డలకు నూటికి ఒక్క సీటే మిగిలినది. ఇది బాధాకరమే. అయినను ఇచ్చటనే జాగ్రత్తగా లెక్క చూడవలెను.

29, 15, 10 కలిసి 54. మిగిలినవి 46. ఈ 46 అగ్రకులములవారి సీట్లని యెంచుట గొప్ప పొరపాటు. అవి యెల్లరవి, ర్యాంకు ననుసరించి యే వర్గమువారికైనను చెందును. ర్యాంకు బలమున ఆ సీటు పొందినవాని సీటు వాని వర్గపు కోటాలో లెక్కింపబడదు. కావున సి వర్గపు విద్యార్థి పోటీపడదగినది 1 సీటునకు కాదు, 47 సీట్లకు. ఇ వర్గపు విద్యార్థి 4కు కాదు, 50కి. బాలికలకు ప్రతి వర్గమునందును మూడవ వంతు ప్రత్యేకింపబడినది. ఆర్థికముగ బలహీనులైన ఇతర వర్గములవారి కోటా వేరు.

ఐ.ఐ.టి. మొదలగు కేంద్ర సంస్థలలో లెక్క వేరు: ఓ.బీ.సీ. 27, షెడ్యూల్డు కులములు 15, తెగలు 7½, ఆర్థికముగ బలహీనులు 10. రాష్ట్రపు జాబితాయు కేంద్రపు జాబితాయు ఒకటి కావు. రెండింటిని వేర్వేరుగా చూచుకొని, తగిన ధ్రువపత్రమును పరీక్షకు పూర్వమే సంపాదించుట తల్లిదండ్రుల విధి.

మైనారిటీలకు తమ విద్యాసంస్థలను స్థాపించుకొను హక్కును 30వ అధికరణ మొసగినది. 1984లో స్థాపితమైన దక్కను వైద్య కళాశాల మనకు సమీపమున నున్న యుదాహరణము. అచ్చటికి వెళ్లువారును నీట్ వ్రాయవలసినదే.

3. అంకెల మాయ

‘అర్హత’ వేరు, ‘సీటు’ వేరు. ఎప్‌సెట్‌లో 160 ప్రశ్నలు. తప్పునకు కోత లేదు. సామాన్య అర్హతకు నూటికి 25, అనగా 40 మార్కులు. ప్రతి ప్రశ్నకు నాలుగు జవాబులుండుటచే, ప్రశ్న చదువకయే గుర్తు పెట్టినవానికిని సగటున 40 వచ్చును! కావున “అర్హుడనైతిని” అని మురియుట వ్యర్థము. కోత లేనిచోట ఒక్క ప్రశ్ననైనను విడిచిపెట్టరాదనియు దీనివలననే గ్రహింపుడు.

నీట్‌లో ఒప్పునకు 4 మార్కులు చేరును, తప్పునకు 1 తగ్గును. రెండు జవాబులు తప్పని తెలిసి, మిగిలిన రెంటిలో నొకటి యెంచినచో సగటున లాభమే. ఏమియు తెలియనిచోట లాభము స్వల్పము, నష్టభయ మధికము.

‘పర్సెంటైల్’ అనగా నూటికి వచ్చిన మార్కులు కావు. 50,000 మంది వ్రాసిన పరీక్షలో 90 పర్సెంటైల్ వచ్చినవానికి ముందు సుమారు 5,000 మంది యున్నారని యర్థము.

4. అవకాశమును తూచుట

గడచిన సంవత్సరములలో ప్రతి కళాశాలలో ప్రతి శాఖకు, ప్రతి వర్గమున చివరి సీటు ఏ ర్యాంకు వానికి వచ్చినదో తెలుపు పట్టికలు ప్రకటింపబడుచున్నవి. మూడేండ్ల పట్టికలను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. మీ ర్యాంకు మూడింటిలోను చాలునేని ఆశ గట్టిది; ఒకటి రెండింటిలో చాలునేని సందేహాస్పదము; దేనిలోను చాలదేని దుర్లభము.

అయినను ఐచ్ఛికముల పట్టికలో దుర్లభమైనదానినే, అది మీకు మిక్కిలి యిష్టమైనచో, మొదట వ్రాయవలెను. మొదటిది దొరకనిచో రెండవదానిని, అదియు దొరకనిచో మూడవదానిని చూచెదరు. పైదానిని కోరుటచే క్రిందిది పోదు. నే నెరిగిన యొక బాలిక పెద్దల భయముచే సులభముగ దొరకు కళాశాలను మొదట వ్రాసెను, అదియే దొరకెను. పిమ్మట పట్టిక చూడగా, ఆమె నిజముగ కోరిన కళాశాలలో ఆమె వర్గమునందే ఆమెకంటె వెనుకటి ర్యాంకు వారికి సీటు లభించియుండెను. ఆమెను ఓడించినది పరీక్ష కాదు, భయము.

5. అన్యదేశమున

అమెరికాలో స్పానిషు మూలములు గల హిస్పానిక్ విద్యార్థులకును ఇట్టి చింతయే కలదు. అచ్చటి ప్రసిద్ధ కళాశాలలు మార్కులతోపాటు వ్యాసములు, ఉపాధ్యాయుల సిఫారసులు మున్నగునవి చూచును. చివరి ర్యాంకు పట్టిక యుండదు. జాతిని ఒక అంశముగ పరిగణింపవచ్చునని 2003లో అంగీకరించిన అచ్చటి సుప్రీం కోర్టు, 2023 జూన్ 29న హార్వర్డు వ్యాజ్యెమున అట్టి పద్ధతులను నిషేధించెను. టెక్సాస్ రాష్ట్రము మాత్రము 1997లో, ప్రతి ఉన్నత పాఠశాలలో మొదటి పదవ వంతు విద్యార్థులకు రాష్ట్ర విశ్వవిద్యాలయములలో ప్రవేశ మొసగు చట్టము చేసెను. పేద పేటలోని బడికిని అందువలన త్రోవ దొరకెను. అచ్చటి బాలుడు తన అవకాశమును ఊహింపవలసినదే, మీరో, లెక్కింపగలరు. మన పట్టిక కఠినమైనదే గాని కంటికి కనబడునది.

యాకూత్ అనగా కెంపు. కెంపు విలువను దాని కాంతినిబట్టి నిర్ణయింతురు గాని, అది దొరకిన వీథినిబట్టి కాదు. అయితే పరీక్షకు తేబడని కెంపునకు విలువ కట్టువారు లేరు. కావున విద్యార్థులారా, లెక్కించుడు, చదువుడు, దరఖాస్తు చేయుడు. తల్లిదండ్రులారా, “మనకెక్కడిది” యను మాటను బిడ్డల చెవిని పడనీయకుడు.

అభ్యాసము

(1) 80,000 మంది వ్రాసిన పరీక్షలో 97 పర్సెంటైల్ పొందినవానికి ముందు సుమారు ఎందరుందురు?
(2) నీట్‌లో 150 ప్రశ్నలకు జవాబు వ్రాసి 120 ఒప్పులు చేసినవానికి ఎన్ని మార్కులు?
(3) మీ కిష్టమైన యొక కళాశాలకు మీ వర్గపు మూడేండ్ల చివరి ర్యాంకులను సేకరించి వ్రాయుడు.