చంపే ముందు ఒకసారి చూడు

చి॥ మేనకోడలికి,



తెర నల్లబడితే కిల్ కొట్టి కొత్త సెషన్ తెరిచావని, మధ్యాహ్నం నుంచి నడుస్తున్న సిమ్యులేషన్ పోయిందని మెసేజ్ పెట్టావు. ఫోన్‌లో చెబితే సగం చెవిన పడదు, అందుకే కాగితం మీద పెడుతున్నా. బిడ్డా, ఆ సిమ్యులేషన్ దానంతటది పోలేదు. తెర నల్లబడినప్పుడు అది లోపల మంచిగనే నడుస్తూ ఉండి ఉంటుంది. పోయింది నీ కిల్‌తో.

నువ్వు కూర్చునేది మెదక్‌లో గానీ పని నడిచేది మెదక్‌లో కాదు. టెర్మినళ్లు, ఎడిటర్, వేవ్‌ఫామ్‌లు అన్నీ హైదరాబాద్ సర్వర్ మీద ఎక్స్‌వీఎన్‌సీ అనే ప్రోగ్రాంలో ఉంటాయి. లాప్‌టాప్‌కు వచ్చేది బొమ్మ మాత్రమే. టీవీ ఆపితే మ్యాచ్ ఆగుతుందా? 2022 సెప్టెంబరులో మన ఊరికి రైలు వచ్చాక నువ్వే చూస్తున్నావు కదా: ఇంట్లో వ్యూయర్ మూసి, కాచిగూడ బండెక్కి, ఆఫీసులో తెరిస్తే కర్సర్ అదే లైను మీద ఉంటుంది.

పాత పద్ధతిలో ఈ సుఖం లేదు. 1984లో ఎంఐటీలో మొదలైన ఎక్స్ విండో వ్యవస్థలో బొమ్మ గీసే సర్వర్ మన బల్ల మీద ఉండేది, ప్రోగ్రాం దూరపు యంత్రంలో నడిచేది. మధ్యలో లైను తెగితే బొమ్మ గీసేవాడు లేక ప్రోగ్రాం కూడా కూలేది. ఇప్పటికీ ఎస్‌ఎస్‌హెచ్ మైనస్ ఎక్స్‌తో తెరిచిన విండోల గతి అంతే. ఆ బొమ్మల సర్వర్‌ను తీసుకెళ్లి దూరపు యంత్రంలోనే పెట్టి, మన దగ్గర వ్యూయర్ ఒక్కటి ఉంచినవాళ్లు కేంబ్రిడ్జ్‌లోని ఒలివెట్టి, ఒరాకిల్ పరిశోధనశాల వాళ్లు. 1998లో వీఎన్‌సీ మీద వాళ్ల వ్యాసం వచ్చింది. అది రాసిన నలుగురిలో ఒకరైన క్వెంటిన్ స్టాఫర్డ్-ఫ్రేజర్, అంతకుముందు 1991లో కుండలో కాఫీ ఉందో లేదో సీట్లోంచే చూసుకునే కెమెరా ఏర్పాటులో కూడా ఉన్నాడు. లేవకుండా చూడాలన్న బద్ధకంలోంచే మన ఉద్యోగాలు పుట్టాయనుకో.

సరే, తెర నల్లబడింది. ముందు వ్యూయర్ మూసి మళ్లీ కలుపు. మన వీధిలో నాలుగు చినుకులు పడితే కరెంటు పోతుంది, రూటర్ ఆగుతుంది. నువ్వు లేవని సర్వర్‌కు వెంటనే తెలియదు. లినక్స్ మామూలు సెట్టింగ్‌లో మౌనంగా ఉన్న కనెక్షన్‌ను 7200 సెకన్లు, అంటే రెండు గంటలు గడిచాక గానీ బతికుందా అని అడగదు. అటువైపు పాత కనెక్షన్ ఉన్నట్టే కనిపిస్తుంది, ఇటువైపు నీ తెర గడ్డకట్టినట్టు ఉంటుంది. కాసేపు పని లేకుండా వదిలేస్తే మధ్యలోని రూటర్లు లైను తెంపేసినా ఇదే కథ. నీ ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ ఫైల్లో సర్వర్‌అలైవ్‌ఇంటర్వెల్ 60 అని పెట్టు, ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. పోర్టు లెక్క కూడా సరిచూసుకో. 5900కు డిస్‌ప్లే నంబరు కలపాలి. నీది రెండో డిస్‌ప్లే అయితే 5902 మీద తలుపు తట్టాలి, 5901 మీద కాదు. అక్కడ ఇంకొకరుంటారు, నీ పాస్‌వర్డ్ తప్పంటారు.

మళ్లీ కలిపినా నలుపే ఉంటే, ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్లు. లాగిన్ అయ్యిందంటే లైనూ సర్వరూ బాగున్నట్టే. అప్పుడు పీఎస్ కొట్టి నీ పేరు మీద ఏమేం నడుస్తున్నాయో చదువు. ఎక్స్‌వీఎన్‌సీ ఉందా? సిమ్యులేటర్ ఉందా? రెండూ ఉంటే కిల్ జోలికి పోకు. ఒక్కోసారి బొమ్మ వస్తుంది గానీ విండోల మీద పట్టీలు మాయమవుతాయి, మౌస్ కదులుతుంది కానీ టైప్ చేస్తే అక్షరం పడదు. ఆ లక్షణం కనబడితే పడిపోయింది విండో మేనేజర్ ఒక్కటే. మీ సర్వర్లో ఎక్స్‌ఎఫ్‌సీఈ ఉందన్నావు కాబట్టి, ఎస్‌ఎస్‌హెచ్ టెర్మినల్లో డిస్‌ప్లేను నీ నంబరుకు సెట్ చేసి, ఎక్స్‌ఎఫ్‌డబ్ల్యూఎం4ను రీప్లేస్ ఆప్షన్‌తో మళ్లీ నడుపు. పట్టీలు తిరిగొస్తాయి, సిమ్యులేషన్‌కు ఈ సంగతే తెలియదు.

ఎక్స్‌వీఎన్‌సీయే లేకపోతే అది వేరే లెక్క. మెమరీ నిండినప్పుడు కెర్నల్ ఎవరో ఒకరిని బలి ఇస్తుంది, అది నీ సెషన్ కావచ్చు. డీమెసేజ్‌లో జాడ దొరుకుతుంది. అలా అర్ధంతరంగా పోయిన సెషన్ టెంప్ డైరెక్టరీలో తన లాక్ ఫైలును వదిలేస్తుంది. తర్వాత అదే నంబరుతో మొదలుపెట్టబోతే ‘ఆ డిస్‌ప్లే ఖాళీ లేదు’ అంటుంది, లేదా చెప్పకుండా పక్క నంబరుకు జరుగుతుంది. ఆ లాక్ ఫైలును తెరిచి చూడు, లోపల ఒకే ఒక నంబరు ఉంటుంది. అది ఎక్స్ సర్వర్ ప్రాసెస్ నంబరు. దాన్ని పీఎస్‌లో వెతుకు. ఎవరూ లేకపోతే ఫైలు తీసేయొచ్చు. ఉంటే ఆ ప్రాసెస్ పేరేమిటో, యజమాని ఎవరో చదువు. పాత నంబరు ఈలోగా వేరే ప్రాసెస్‌కు పోయి ఉండొచ్చు. ఇదంతా చదవకుండా ఫైలు తీసేయడం, కిల్ మైనస్ నైన్ కొట్టడం నాకు నచ్చని అలవాట్లు. పది మంది వాడే సర్వర్లో అది పద్ధతి కాదు.

కొత్త సెషన్ తెరిస్తే వట్టి బూడిదరంగు తెర వస్తుందా? ఎక్స్‌వీఎన్‌సీ లేచింది, డెస్క్‌టాప్ లేవలేదు. హోమ్‌లో డాట్ వీఎన్‌సీ డైరెక్టరీ ఉంటుంది, అందులో సర్వర్ పేరు, డిస్‌ప్లే నంబరు కలిపిన పేరుతో లాగ్ ఉంటుంది. కింది నుంచి పైకి చదువు, మొదటి తప్పు ఎక్కడ మొదలైందో అక్కడ ఆగు. నీ విషయంలో నా అనుమానం అనకొండ మీద. పైథాన్ కోసం దాన్ని వేసుకున్నప్పుడు అది నీ బాష్‌ఆర్‌సీలో నాలుగు లైన్లు చేర్చి ఉంటుంది. దాంతో పాత్‌లో దాని డైరెక్టరీ ముందుకొస్తుంది. డెస్క్‌టాప్ లేచేటప్పుడు సిస్టమ్ డీబస్ బదులు అనకొండ తెచ్చిన డీబస్ తగులుకుంటుంది, డెస్క్‌టాప్ కూలబడుతుంది. ఆ లైన్లను కామెంట్ చేసి, మళ్లీ సెషన్ మొదలుపెట్టు. మీ హోమ్ అన్ని సర్వర్లకూ ఒకటే కాబట్టి ఈ తప్పు ఎక్కడికి వెళ్లినా నీ వెంటే వస్తుంది. సర్వర్ మార్చి చూశాననడం అందుకే పనికిరాదు.

లాగ్‌లో ‘రాయలేకపోయాను’ అన్న మాట కనబడితే హోమ్ కోటా నిండి ఉండొచ్చు. ఎక్స్‌అథారిటీ ఫైలుకు నాలుగు బైట్ల చోటు దొరక్క సెషన్ ఆగిపోతుంది. వేవ్‌ఫామ్ డంపులు హోమ్‌లో పెట్టకు, స్క్రాచ్ డిస్కు అందుకే ఇచ్చారు.

వీఎన్‌సీ పాత పాస్‌వర్డ్ పద్ధతి ఎనిమిది అక్షరాల దగ్గరే ఆగుతుంది, ఆ తర్వాత నువ్వు ఎంత రాసినా చూడదు. అందుకే ఎస్‌ఎస్‌హెచ్ సొరంగం లేకుండా ఎప్పుడూ కలపకు. మీ వాళ్లు ఎక్స్‌ఆర్‌డీపీకి మారితే ఇంకోటి గుర్తుపెట్టుకో. మామూలు సెట్టింగ్‌లో అది యూజర్ పేరుతో పాటు రంగుల లోతు కూడా చూసి పాత సెషన్‌ను వెతుకుతుంది. ఇంట్లో 32 బిట్లు, ఆఫీసులో 16 బిట్లు పెట్టుకున్నావంటే పాతది ఉండగానే కొత్తది తెరుచుకుంటుంది, నువ్వు పని పోయిందని పరేషాన్ అవుతావు.

పోని సెషన్‌తో ఇంకో ఇబ్బంది ఉంది. వెతకకుండా ప్రతిసారీ కొత్తది తెరిస్తే పాతవన్నీ అక్కడే ఉంటాయి, మెమరీ తింటాయి, సిమ్యులేటర్ లైసెన్సులు పట్టుకుని కూర్చుంటాయి. పక్క సీటు పిల్లవాడు లైసెన్సు కోసం క్యూలో ఉంటాడు, అది నీ మరచిపోయిన సెషన్‌లో నిద్రపోతుంటుంది. శుక్రవారం సాయంత్రం వీఎన్‌సీసర్వర్ లిస్ట్ చూసి, అక్కరలేనిది నువ్వే దాని పేరు పెట్టి మూసేయి. రాత్రంతా నడవాల్సిన పనైతే డెస్క్‌టాప్ టెర్మినల్లో వదలకు. బ్యాచ్ క్యూలో వెయ్యి, లేదా టీమక్స్‌లో నడుపు, బొమ్మల సర్వర్ కూలినా దానికేం కాదు.

ఇవన్నీ చూశాకే అడ్మిన్‌కు రాయి. ‘నా వీఎన్‌సీ పని చేయట్లేదు సార్’ అని రాస్తే రేపు చూస్తాడు. సర్వర్ పేరు, డిస్‌ప్లే నంబరు, ఎన్ని గంటలకు ఆగింది, పీఎస్‌లో ఏం కనిపించింది, లాగ్‌లో తప్పు మొదలైన చోటి లైన్లు పెట్టు. సెషన్‌ను ముట్టుకోలేదని, లోపల పని నడుస్తోందని కూడా రాయి. లేకపోతే ఆయనే ముందు దాన్ని మూసేస్తాడు.

ఉంటాను,
మీ మామయ్య
మెదక్