బలవంతమున ఎక్కని తెరచాప

గార్డెన్ రీచ్, కలకత్తా



కాదు తల్లీ, తాడు చుట్టి లాగు వించ్ చిన్నదగుట వలన కాదు. మూడింట రెండు వంతులు సులువుగా ఎక్కిన తెరచాప అక్కడికి చేరగానే మొండికెత్తుచున్నదని వ్రాసి, ఇంకొక పెద్ద వించ్ కొన్నచో ఆ చిక్కు తీరునా అని అడిగితివి. మొన్నటివరకు నీవు నడిపిన లేజరు నావలో తెరచాప అంచుననున్న తొడుగును మాస్టుపై దిగవేయుటయే గాని, పైకెత్తు హాలియార్డు తాడు గాని, మాస్టు వెనుక గాడిలో జారు స్లైడులు గాని లేవు గనుక, నీకు ఈ జబ్బు కొత్తది; నీకు అట్లు తోచుటలో తప్పులేదు. కాని పెద్ద వించ్ ఆ జబ్బునకు మందు కాదు, దానిని దాచిపెట్టు ముసుగు.

అణియమును గాలికెదురుగా నిలుపుట, బూమును పట్టియుంచు తాళ్లన్నిటిని వదులుచేయుట నీకు చెప్పనక్కరలేదు. అవి చేయకుండ లాగి ఈ ఉత్తరము వ్రాసితివేని, ఇక్కడితో చదువుట ఆపి ముందు ఆ పని చేసి రమ్ము.

ఇక అసలు మాట. నలుబది అంకె గల వించ్, పిడిపై నీవు వేసిన బలమును ఇంచుమించు 40 రెట్లు చేయును. అనగా నీ చేతిలోని 15 కిలోల బలము తాడు చివరకు చేరునప్పటికి, రాపిడికి పోగా కొంత తగ్గినను, 600 కిలోలకు దగ్గరగును. ఆ బలము బొటనవ్రేలంత నైలాను స్లైడుపై పడినప్పుడు స్లైడైనను పగులవలెను, దానిని తెరచాపకు కట్టిన పట్టీయైనను తెగవలెను, లేదా తెరచాప పై కొననున్న హెడ్‌బోర్డు పలకయే గుడ్డనుండి ఊడిరావలెను. దానికన్న పెద్ద నష్టము మరియొకటి కలదు. వించ్ బలమిచ్చునప్పుడే చేతినుండి స్పర్శను తీసికొనిపోవును. రాపిడి క్రమముగా పెరుగుచున్నదా, ఒక్కచోట ఠక్కున తగిలినదా, కొంచెము వదలి లాగిన జారుచున్నదా అన్నది చెప్పగలది చేయి ఒక్కటే. కావున రోగమేదో తెలియువరకు వించ్ పిడి ముట్టకుము. వట్టి చేతులతో లాగుము.

లాగుటకు ముందు పనిని రెండు ముక్కలు చేయుము. హాలియార్డును తెరచాపనుండి విప్పి, దాని కొనకు ఒక సన్నని తాడు కట్టి, తాడును పైకి పంపి, ఆ సన్నతాటితో మరల క్రిందికి లాగి చూడుము. ఆ సన్నతాడు కట్టుట మరువకుము. మరచితివేని హాలియార్డు కొన మాస్టు తలకు చేరి, దానికొరకు మనిషి పైకెక్కవలసి వచ్చును. తెరచాప లేకుండనే తాడు బరువుగా నున్నచో దోషము మాస్టు తలనున్న కప్పీలోనో, తాడు ఎక్కడనో చుట్టుకొనుటలోనో ఉన్నది. గాడి జోలికి పోనక్కరలేదు. తాడు తేలికగా వచ్చినచో దోషము గాడిలోనో, స్లైడులలోనో, తెరచాపలోనో ఉన్నది.

అప్పుడు మరల తెరచాపను కట్టి చేతితో ఎత్తి, అది ఆగినచోట హాలియార్డుపై, మాస్టు అడుగున కంటికెదురుగా ఒక రంగు టేపు చుట్టుము. దించి, మరల ఎత్తుము. ఈమారు కూడ టేపు అక్కడికే వచ్చి ఆగినచో, తెరచాప ఎంత ఎత్తునకు పోగా ఆగుచున్నదో ఆ కొలత నీకు దొరికినది; అప్పుడొక విడి స్లైడునకు హాలియార్డును, క్రిందికి సన్నతాడును కట్టి గాడిలో ఒంటరిగా నడిపి, అది కూడ అదే ఎత్తున తట్టుకొన్నచో జబ్బు గాడిదే అని తేలును. టేపు ఒక్కొక్కమారు ఒక్కొక్కచోట ఆగినచో గాడిని నిందింపకుము. స్లైడులను, తెరచాపలో దూర్చిన బద్దలను, ఆనాటి గాలిని అడుగుము. ఇంత చిన్న పని చేయక, జనులు తెరచాపలు, వించ్‌లు, చివరకు మాస్టులే మార్చుట చూచి నాకు కష్టము తోచును.

గాడి తప్పైనచో ఏమి కావచ్చునో చెప్పుదును. ఇది నా జీవితకాలపు పని కనుక కొంత విస్తరింతును, ఓర్చుకొనుము. 1884లో చిన్న కర్మశాలగా మొదలై, 1916లో గార్డెన్ రీచ్ వర్క్‌షాప్ అను పేరు పొంది, 1960లో ప్రభుత్వ పరమై, మరుసటి సంవత్సరమే స్వతంత్ర భారతమున నిర్మితమైన తొలి యుద్ధనౌక అజయ్‌ను నౌకాదళమునకు అప్పగించిన ఈ హుగ్లీ తీరపు నౌకానిర్మాణశాలలో ఓడల పని నేర్చినవానికి ఒక్క సూత్రము ఎముకలోనికి ఇంకును: రెండు భిన్న లోహములను ఉప్పునీటి సమక్షమున ఒకదానికొకటి తాకనీయరాదు. ఉక్కు శరీరముపై అల్యూమినియము గదులు నిలుపునపుడు వాటి నడుమ అడ్డు పెట్టుట అందులకే. నీ మాస్టు అల్యూమినియము, గాడిగా నున్న ట్రాకును దానికి బిగించిన మరలు స్టెయిన్‌లెస్ ఉక్కు. నడుమ మీరుండు విశాఖ సముద్రపు తేమ. మరల చుట్టును తెల్లని పొడి పుట్టి, ఉబ్బి, ట్రాకును వెంట్రుక వాసి పైకెత్తును. లేదా మర మెల్లగా వెనుకకు జరిగి తల పైకి తేలును. ఆ వెంట్రుక వాసియే స్లైడునకు గోడ. ట్రాకు రెండు ముక్కలు కలిసినచోట మెట్టు ఏర్పడినను ఇదే కథ. గోరు నడిపి చూచిన చాలును, తెలియును. మర విప్పి, పొడి గీకి, లోహములను వేరుచేయు పేస్టు పూసి బిగింపుము. మెట్టున్నచో సన్నని ఆకురాయితో అంచు నునుపు చేయుము.

గాడి నిర్దోషి అయినచో పైనున్న హెడ్‌బోర్డును చూడుము. దానికున్న రెండు స్లైడులు దగ్గరగా నుండి, తాడు వెనుక రంధ్రమునుండి లాగుచున్నచో ఆ పలక వంకరపోయి ఒక స్లైడు గాడి ఒక ముఖమును, రెండవది ఎదుటి ముఖమును ఒత్తిపట్టును. పాత బీరువాలోని సొరుగును ఒక మూల పట్టి లాగినప్పుడు అది అడ్డముగా ఇరుకుటను నీవెరుగుదువు గదా, ఇదియు అదియే. ఎంత గట్టిగా లాగిన అంత గట్టిగా ఇరుకును. తాడును మాస్టునకు దగ్గరనున్న రంధ్రమునకు మార్చిన చాలమారులు ఇంతటితో తీరును. పూర్తి నిడివి బద్దలున్న తెరచాపయైనచో, బద్దల బిగింపును గుడ్డ ముడతలు పోవునంత మాత్రమే ఉంచుము. అంతకు మించి బిగించినచో ప్రతి బద్దయు తన ముందు స్లైడును మాస్టులోనికి త్రోయుచుండును. నైలాను స్లైడులు తేమ పీల్చి కొంచెము ఉబ్బునన్నది కూడ జ్ఞాపకముంచుకొనుము. ఒక్కొక్కదానిని వ్రేళ్లతో తడిమి పగుళ్లు వెదకుము.

గ్రీజు రాయవచ్చునా అని అడిగితివి. వలదు, వలదు. మీ రేవులో ఇనుప ఖనిజపు దుమ్మును, బొగ్గు దుమ్మును గాలిలో లేని దినము లేదు. గ్రీజు ఆ దుమ్మును పట్టి గాడిలో గరుకు ముద్దను తయారుచేయును, తెరచాపను నల్లబరచును. పాత స్లైడునకు గుడ్డ చుట్టి, సబ్బునీటిలో ముంచి, పైన హాలియార్డు, క్రింద సన్నతాడు కట్టి గాడి పొడుగున నడుపుము. తరువాత మంచినీళ్లతో కడిగి, ఆరిన పిమ్మట తడి మిగుల్చని టెఫ్లాన్ స్ప్రే కొట్టుము. మాస్టు ఎక్కవలసి వచ్చినచో ఒంటరిగా ఎక్కకుము. నడుమునకు రెండవ తాడు లేకుండ అసలే ఎక్కకుము.

ఇంత పట్టుదలగా ఎందుకు వ్రాయుచున్నానో చెప్పవలెను. ఎక్కునప్పుడు ఇరికిన తెరచాప దిగునప్పుడు కూడ ఇరుకవచ్చును. రేవులో అది విసుగు మాత్రమే. గాలివానలో అది ప్రాణము మీదికి వచ్చును. ఇక్కడ చైత్రవైశాఖములలో మధ్యాహ్నము దాటిన పిదప వాయవ్యమున నల్లబడి కాలబైశాఖి విరుచుకొనిపడునప్పుడు, హుగ్లీపైనున్న పడవవాండ్రు చేయు మొదటి పని తెరచాప దించుట. 2017 సెప్టెంబరు 10న గోవానుండి బయలుదేరి 2018 మే 21న తిరిగివచ్చిన తారిణి నావలో ఆరుగురు స్త్రీలు భూప్రదక్షిణము చేసిరి; వారిలో మీ విశాఖ అమ్మాయి పి. స్వాతి, హైదరాబాదు అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి కలరు. దక్షిణ సముద్రముల తుపానులలో నావను నిలుపునది తెరచాపను ఎత్తుటకన్న సరియైన క్షణమున కుదించుటయే. నీవును ఆ దారి పోవలెనని ఆశపడుచున్నావని మీ అమ్మ చెప్పినది. పొమ్ము, నాకు సంతోషమే. కాని చేయి వదలగానే దిగని తెరచాపతో రేవు దాటకుము.

టేపు ఎక్కడ ఆగినదో వెంటనే వ్రాయుము. అంతవరకు పెద్ద వించ్ కొరకు మీ నాన్నను డబ్బు అడుగవలదు.

మీ తాతయ్య