మీ ఊపిరిని ఎవరితో పోల్చారు?
సందేహాలు - సమాధానాలు

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా హైదరాబాద్ పాతబస్తీ నుంచే వచ్చాయి. కొందరు రిపోర్టుల జిరాక్సులు కూడా జతచేశారు. వాటిలో ఐదింటికి ఇక్కడ జవాబిస్తున్నాను.

ప్రశ్న: నా వయసు 45, ఎత్తు 170 సెంటీమీటర్లు. సిగరెట్ అలవాటు లేదు. దగ్గు తగ్గక ఇక్కడ ఊదే పరీక్ష చేయించుకుంటే 95 శాతం, నార్మల్ అన్నారు. నెల తర్వాత షికాగోలో మా తమ్ముడి దగ్గరికి వెళ్లినప్పుడు అక్కడా చేయించాడు. 80 శాతమే ఉంది, అంచు మీద ఉన్నారన్నారు. నెల రోజుల్లో ఇంత పాడైపోతాయా డాక్టరు గారూ? – ఒక పాఠకుడు, గౌలిపురా

జవాబు: ఏమీ పాడవలేదు. మీరు పంపిన రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూశాను. గుండెల నిండా గాలి పీల్చి మీరు బయటికి ఊదింది రెండుచోట్లా 3.6 లీటర్లే. మీ వయసు, మీ ఎత్తు ఉన్న ఆరోగ్యవంతుడు ఎంత ఊదాలి అన్న అంచనా దగ్గరే తేడా వచ్చింది. ఇక్కడి మెషిన్‌లో ఆ అంచనా 3.8 లీటర్లు, అక్కడ 4.5. అందుకే ఒకచోట 95, ఇంకోచోట 80.

ఇది ఈనాటి చిక్కు కాదు. 1846లో లండన్ వైద్యుడు జాన్ హచిన్‌సన్ రెండు వేల మందికి పైగా ఊదించి చూసి, ఎత్తు పెరిగేకొద్దీ ఊదే గాలి కూడా పెరుగుతుందని తేల్చాడు. ఆయన పని చక్కటిది. అయిదేళ్లకే, 1851లో, అమెరికాలోని లూసియానాలో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే వైద్యుడు నల్లజాతి బానిసల ఊపిరితిత్తులు పుట్టుకతోనే తక్కువరకమని రాశాడు. చాకిరీ చేయిస్తేనే వాళ్ల రక్తం శుభ్రపడుతుందని వాదించాడు. ఆ ఆలోచన తాలూకు నీడ మెషిన్లలో చాలాకాలం మిగిలింది. నల్లవారికి 10 నుంచి 15 శాతం, ఆసియావారికి 4 నుంచి 6 శాతం కోత వేసి లెక్కకట్టడం మొన్నమొన్నటి వరకు మామూలు పద్ధతి.

2012లో 26 దేశాల నుంచి 74 వేల మందికి పైగా ఆరోగ్యవంతుల కొలతలు తీసుకుని కొత్త సమీకరణాలు తయారుచేశారు. వాటినే జీఎల్ఐ అంటారు. అందులోనూ జాతుల గడులున్నాయి, భారతీయులకంటూ ఒక గడి మాత్రం లేదు. 2023లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ జాతి గడులను పక్కనపెట్టి అందరికీ ఒకే సగటు వాడమని సిఫార్సు చేసింది. మన దేశంలో చెన్నై, ముంబై, ఢిల్లీ వైద్యులు మనవాళ్లకు ఊదించి వేసిన లెక్కలు వేరుగా ఉన్నాయి. ఏ సెంటర్లో ఏది పెట్టుకుంటే ఆ శాతమే వస్తుంది.

అయితే మనవాళ్ల సగటు తెల్లవాళ్ల కంటే తక్కువగా వస్తున్న మాట నిజమే. కొంత శరీరపు తీరు: ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి కాళ్లు పొడవు, ఇంకొకరికి మొండెం పొడవు. మొండెం పొడవున్నవాళ్లకు ఛాతీలో చోటు ఎక్కువ. వంశం పాత్ర అసలు లేదని నేననను. కానీ తల్లి కడుపులో ఉన్నప్పటి తిండి, చిన్నప్పటి నిమోనియాలు, వంటింటి పొగ, రోడ్డు దుమ్ము కూడా ఆ సగటును కిందికి లాగుతాయి. పొగలో పెరిగినవాళ్ల కొలతనే 'నార్మల్' అనుకుంటే, పొగ చేసిన హాని లెక్కలోంచే జారిపోతుంది. నాకు భయం అక్కడే. అమెరికాలో 2022లో వచ్చిన ఒక అధ్యయనం ఇదే చూపించింది. జాతి లెక్కతో నార్మల్ అనిపించుకున్న నల్లజాతి పురుషుల్లో, అదే శాతం వచ్చిన తెల్లవారి కంటే ఎక్కువమందికి సీటీ స్కాన్‌లో ఎంఫసీమా, అంటే గాలిగదులు చిరిగిపోయిన గుర్తులు, కనిపించాయి. అలాగని పాశ్చాత్యుల కొలతే పట్టుకుంటే ఆరోగ్యంగా ఉన్నవాడికి రోగి ముద్ర పడుతుంది, ఉద్యోగం పోతుంది, ఆపరేషన్ ఆగిపోతుంది.

మీరు చేయాల్సింది చెబుతాను. శాతం వదిలేసి లీటర్లు రాసిపెట్టుకోండి. ఏటా ఒకే సెంటర్లో చేయించండి. నడివయసులో ఏడాదికి 25-30 మిల్లీలీటర్లు తగ్గడం సహజం, అంతకంటే వేగంగా జారితే రండి. మొదటి సెకనులో ఎంత ఊదారు, మొత్తం మీద ఎంత ఊదారు అన్న నిష్పత్తి కూడా చూపించుకోండి. జాతిని బట్టి అది పెద్దగా మారదు, ఆస్తమా వంటివి అందులోనే పట్టుబడతాయి. మీ దగ్గుకు జవాబు ఆ నిష్పత్తిలో దొరకవచ్చు.

ప్రశ్న: నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. మెషిన్ ప్రతిసారీ 'జాతి' అడుగుతుంది. బార్కస్ నుంచి వచ్చేవాళ్లు తాతముత్తాతలు యెమెన్ నుంచి వచ్చారంటారు. ఏ గడి నొక్కాలి సార్? – చాంద్రాయణగుట్ట

జవాబు: మంచి ప్రశ్న. నిజాం ఫౌజులో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల సంతతి వాళ్లు. బ్యారక్స్ అన్న మాటే నోళ్లలో నలిగి బార్కస్ అయింది. తరతరాలుగా ఇక్కడి నీళ్లు తాగి, ఇక్కడి సంబంధాలు చేసుకుని, ఇక్కడి దుమ్ము పీలుస్తున్నారు. ఏసీ గార్డ్స్‌లోని ఆఫ్రికా సంతతి సిద్దీల సంగతీ అంతే. ముఖం చూసి గడి నొక్కకండి. మీ సెంటర్ ఏ సమీకరణం వాడాలో మీ డాక్టరు గారితో ఒక్కసారి తేల్చుకుని, అందరికీ అదే వాడి, దాని పేరు రిపోర్టు అడుగున అచ్చు వేయండి. ఎత్తు మాత్రం అడిగి రాసుకోవద్దు, చెప్పులు విప్పించి కొలవండి. తప్పులు ఎక్కువగా దొర్లేది అక్కడే.

ఒకే గడిలోని ఇద్దరి మధ్య కూడా చాలా తేడా ఉంటుందని సీటీ చూపిస్తోంది. ఊపిరితిత్తుల పరిమాణానికి తగ్గ వెడల్పు లేని శ్వాసనాళాలు కొందరికి ఉంటాయి. అలాంటివాళ్లకు సీఓపీడీ, అంటే శ్వాసనాళాలు ఇరుకై గాలి ఆడని దీర్ఘకాలిక జబ్బు, ముప్పు ఎక్కువని 2020లో ప్రచురించిన పరిశోధన తేల్చింది. ఒక ఇంట్లో అన్నకు ఒకలా, తమ్ముడికి ఒకలా ఉండొచ్చు.

ప్రశ్న: మా మామగారికి పావురాలంటే ప్రాణం. మిద్దె మీద ముప్పై దాకా ఉన్నాయి. ఏడాదిగా మెట్లెక్కితే ఆయాసం, పొడిదగ్గు. సీటీలో 'హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్' అని వచ్చింది. ఇది వంశంలో వచ్చే జబ్బా? మా పిల్లలకూ వస్తుందా? – ఒక కోడలు, ఛత్రినాక

జవాబు: అమ్మా, ఇది పిల్లలకు అంటుకునే జబ్బు కాదు. పావురాల రెట్టలోంచి, రెక్కల పొడిలోంచి వచ్చే ప్రోటీన్లు ఊపిరితిత్తుల లోతుకు వెళ్తాయి. కొందరి శరీరం వాటిని శత్రువుల్లా చూసి పోరాడుతుంది. ఆ పోరాటంలో మెత్తటి కణజాలం వాచి, చివరికి గట్టిపడుతుంది. అందరికీ ఎందుకు రాదంటే, ఒంటి తత్వం కొంత కారణం. కానీ గాలిలో ఆ పొడి లేకపోతే జబ్బే లేదు.

మీరు పంపిన సీటీ రిపోర్టు చదివాను. అద్దం మీద ఊదితే పట్టే ఆవిరిలాంటి మసక ఉందని రాశారు. అది వాపు. పక్కనే నల్లగా మిగిలిన ముక్కలు గాలి బయటికి రాలేక చిక్కుకుపోయిన చోట్లు. ఊపిరి వదిలి తీసిన స్కాన్‌లో అవి ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. ఈ రెండూ కలిసి కనిపిస్తే మేము వెంటనే అడిగే మాట, ఇంట్లో పావురాలున్నాయా, కూలరుందా అని.

కూలర్ మాట ఊరికే అనలేదు. పాశ్చాత్య దేశాల్లో ఇలా ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బుల్లో కారణం తెలియని ఐపీఎఫ్‌దే పెద్ద వాటా. మన దేశంలో 27 ఆసుపత్రులు కలిసి 1084 మంది రోగుల వివరాలు సేకరించి 2017లో ప్రచురిస్తే, 47.3 శాతం మందికి మీ మామగారి జబ్బే ఉంది. వాళ్లలో దాదాపు సగం మంది ఇళ్లలో ఎయిర్ కూలర్లున్నాయి. నానిన గడ్డిలో బూజు పెరుగుతుంది, ఫ్యాను దాన్ని గదంతా చల్లుతుంది. భారతీయుల ఊపిరితిత్తులు వేరు అనుకునే ముందు, మన ఇళ్లలోని గాలి వేరు అని గుర్తించాలి.

పావురాలు వెళ్లిపోవాలమ్మా. మామగారికి ఇది చాలా కష్టమైన మాటని నాకు తెలుసు. గూళ్లు పక్క మిద్దెకు మార్చితే సరిపోదు, మాస్కు కట్టుకుంటే చాలదు. పక్షులు వెళ్లాక మిద్దెను తడిపి కడిగించండి, పొడిగా ఊడ్వకండి. ఆ పని మామగారు మాత్రం చేయకూడదు. కూలర్ గడ్డి ఏటా మార్చండి. వాపు దశలోనే ఉంటే చాలావరకు తేరుకుంటారు. గట్టిపడిన భాగం మాత్రం వెనక్కి రాదు, అందుకే ఆలస్యం వద్దు.

ప్రశ్న: ఇంట్లోనే లక్క గాజులు చేసి లాడ్ బజార్ దుకాణాలకు ఇస్తాం. బొగ్గుల కుంపటి పక్కనే మా నాలుగేళ్ల బాబు ఆడుకుంటాడు. వయసుకు తగ్గ ఎత్తు లేడు. వాడి ఊపిరితిత్తులకు ఏమైనా అవుతుందా? – ఒక తల్లి, హుస్సేనీ ఆలం

జవాబు: ఊపిరితిత్తులు ఇరవై ఏళ్లు దాటేదాకా పెరుగుతాయి. చిన్నప్పుడు ఎంత పెరిగితే అంతే జీవితాంతం మూలధనం. ఎత్తు పెరిగితే ఊపిరితిత్తులూ పెరుగుతాయి కనుక తిండి గురించి ముందు చెబుతాను. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1987-90 మధ్య హైదరాబాద్ దగ్గరి 29 గ్రామాల్లో ఒక ప్రయోగం చేసింది. వాటిలో దాదాపు సగం ఊళ్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం ఇచ్చారు. ఆ పిల్లలు కౌమారానికి వచ్చాక కొలిస్తే మిగతా ఊళ్ల పిల్లల కంటే సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. ఎత్తంతా పుట్టుకలోనే రాసిపెట్టి ఉండదని దీన్నిబట్టి తెలుస్తోంది. బాబుకు రోజూ గుడ్డు, పప్పు, పాలు పెట్టండి. అంగన్‌వాడీలో బరువు, ఎత్తు రాయించండి.

కుంపటిని కిటికీ దగ్గరికో, ఆరుబయటికో మార్చండి. మండే బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. తలుపులు మూసిన గదిలో అది ప్రాణమే తీస్తుంది. వాన పడుతున్న రోజైనా తలుపు తెరిచే ఉంచండి.

ప్రశ్న: మా అబ్బాయి సౌదీ మెడికల్‌కు వెళ్తే ఎక్స్‌రేలో పైన మచ్చ ఉందని అన్‌ఫిట్ అన్నారు. పదేళ్ల క్రితం టీబీకి పూర్తి కోర్సు వాడాడు. ఇప్పుడు ఏ ఇబ్బందీ లేదు. – ఒక తండ్రి, ఉప్పుగూడ

జవాబు: గల్ఫ్ దేశాల నిబంధనలు మానిపోయిన టీబీ మచ్చను కూడా అనర్హతగానే చూస్తాయి. నా ఉత్తరంతో ఆ నిర్ణయం మారదు, మారుస్తామని డబ్బడిగే దళారుల మాట నమ్మకండి. ఒక్క ఎక్స్‌రే చూసి ఆ మచ్చ పాతదో కొత్తదో చెప్పలేం. పాత ఫిల్మ్ పక్కన పెట్టి, అదే చోట అదే తీరులో ఉందా అని చూస్తాం. కళ్లె పరీక్ష ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం, ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలోనూ చేస్తారు. ముందు అది చేయించి, జబ్బు మళ్లీ రాలేదని నిర్ధారించుకోండి.

ఇంట్లో పాత ఎక్స్‌రేలు, మందుల కార్డులు ఉంటే పాత సామానుతో పాటు తూకానికి వేయకండి. రేపు మీ అబ్బాయి ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా మొదట అడిగేది వాటినే.