తాతగారి పేరు: ఐర్లాండు కుటుంబములలో మగశిశువు నామకరణము

ఐర్లాండు దేశపు పల్లెలలో పందొమ్మిదవ శతాబ్దమున మగశిశువు జన్మించినప్పుడు పేరు కొరకు వెదకుకొను శ్రమ తల్లిదండ్రులకు అంతగా ఉండెడిది కాదు. తొలిచూలు కుమారునకు తండ్రిని గన్న తాత పేరు, రెండవ కుమారునకు తల్లిని గన్న తాత పేరు, మూడవవానికి తండ్రి పేరు పెట్టుట అక్కడి వాడుక. ఆడపిల్లల విషయమున ఈ వరుస తల్లివైపునుండి మొదలగును. తొలి కుమార్తెకు అమ్మమ్మ పేరు, రెండవ కుమార్తెకు నాయనమ్మ పేరు. ఇది శాసనము కాదు. తప్పినవారు ఎందరో కలరు. అయినను పాత చర్చి పుస్తకములను ముందు పెట్టుకొని వంశవృక్షములు కూర్చువారికి నేటికిని ఈ వరుస మంచి ఆధారము. తాత పేరు పెట్టిన బిడ్డ పసితనమున మరణించినచో, తరువాత పుట్టినవానికి మరల ఆ పేరే పెట్టుటయు కలదు. ఒకే తల్లిదండ్రులకు ఇద్దరు పాట్రిక్‌లు పుస్తకములో కనబడినచో అది వ్రాసినవాని పొరపాటని వెంటనే తలంపరాదు. మొదటివాడు దక్కలేదని చాలమారులు దాని అర్థము.

తాత పేరు పెట్టుకొనుట మన దేశమునకును కొత్త కాదు గనుక ఇంతవరకు విద్యార్థులకు వింత తోచదు. కాని దీని ఫలితమును చూడుడు. పాట్రిక్ అను వృద్ధునకు ఐదుగురు కుమారులున్నారనుకొందము. ఐదిండ్లలోను తొలి మనుమడు పాట్రిక్కే. ఒకే ఊరు, ఒకే ఇంటిపేరు, ఐదుగురు పాట్రిక్‌లు! ఎవరిని పిలిచిన ఎవరు పలుకవలెను? అందువలన ఐరిష్ భాష మాట్లాడు పడమటి తీరప్రాంతములలో పేరునకు తండ్రి పేరును, దానికి తాత పేరును తగిలించి పిలుచు పద్ధతి నిలిచినది. ‘షాన్ ఫాద్రిగ్ విహిల్’ అనగా మైకేలు కొడుకైన పాట్రిక్ కొడుకు షాన్ అని అర్థము. ఇంటిపేరు అక్కర లేదు. ఎఱ్ఱజుట్టువానికి ‘రూ’ అనియు, చిన్నవానికి ‘ఓగ్’ అనియు, పెద్దవానికి ‘మోర్’ అనియు విశేషణములు చేర్చుటయు ఉన్నది.

ఈ పాట్రిక్ అను పేరు గూర్చి కొంత నిలిచి చెప్పవలసియున్నది. పాట్రిక్ ఐదవ శతాబ్దమున ఐర్లాండులో క్రైస్తవమును బోధించిన మహనీయుడు. ఆ దేశమునకు రక్షకుడని వారి నమ్మిక. అట్టివాని పేరు ఇంటింట ఉండునని మనము అనుకొందుము. కాని ప్రాచీన ఐర్లాండు ప్రజలు ఎన్నో శతాబ్దములు తమ బిడ్డలకు ఆ పేరు నేరుగా పెట్టుటకు జంకిరి. అంతటివాని పేరు మట్టిలో ఆడుకొను బిడ్డకు తగదని వారి భావము. కావున ‘మేల్ పాద్రిగ్’ అనిరి, ‘గిల్లా పాద్రిగ్’ అనిరి. ‘మేల్’ అనగా గుండు. తల గొరిగించుకొన్నవాడు, అనగా భక్తుడు. ‘గిల్లా’ అనగా కుర్రవాడు. దానినుండి సేవకుడు అను అర్థము వచ్చినది. గిల్లా పాద్రిగ్ వంశమువారే నేటి ఫిట్జ్‌పాట్రిక్‌లు. మరియ మాత పేరు ‘ముయిరె’ అను రూపమును ఆమెకే విడిచి, ఆడపిల్లలకు ‘మాయిరె’ అను వేరు రూపమును ఉంచుకొనిరి. మగవానికి ‘మేల్ ముయిరె’ అని పేరు పెట్టిరి. ఐరిష్ భాషలోని మిక్కిలి పాత వ్రాతప్రతులలో ఒకదానిని వ్రాసిన లేఖకుని పేరు ఇదియే. ఆతడు 1106లో క్లాన్‌మక్‌నోయిస్ మఠమున దోపిడిగాండ్ర చేత చంపబడెను.

మరియొక పేరు ‘గిల్లా ఈసా’, ఏసుక్రీస్తు సేవకుడు అని అర్థము. ఈ పేరును మొదట చూచినప్పుడు మేము ఒక క్షణము విస్తుపోయితిమి. ఈసా అను ఉచ్చారణ మన ఉర్దూ శాఖవారు పలుకునట్లే ఉన్నది. గిల్లాకు గులాము అను మాట వినుటకు దగ్గరగనే ఉన్నది. పైగా అరబ్బీలో గులాము అనగా మొదట కుర్రవాడే. సేవకుడను అర్థము పిదప వచ్చినది. కాని విద్యార్థులు ఇచ్చట జాగ్రత్తపడవలెను. గిల్లా, గులాము అను పదములకు చుట్టరికము లేదు; ధ్వని పోలిక కేవలము కాకతాళీయము. ఈసా మాట వేరు. అది ఒకే నామము రెండు దారులలో రెండు కొసలకు చేరినది. షేమస్ అనగా మన యాకూబే. షాన్ అనగా యహ్యాయే. ఇది 1169లో వచ్చిన నార్మనుల ఫ్రెంచి నోటినుండి ఐరిష్‌లోనికి దిగినది. అదే పేరు వారికంటె ముందే లాటిను ద్వారా వచ్చి ‘ఓవెన్’ అను ఉచ్చారణతో స్థిరపడినది. ఇట్లు ఒక్క పేరే ఒక్క దేశమున రెండుమారులు ప్రవేశించినది.

ఇక అసలు చిక్కునకు వత్తము. బాప్తిస్మమునకు బిడ్డను తెచ్చిన తల్లిదండ్రులు ఐరిష్‌లో పేరు చెప్పెడివారు. మతాచార్యుడు పుస్తకములో దానిని లాటినులోనో, ఇంగ్లీషులోనో వ్రాసెడివాడు. 1831లో ఏర్పడిన జాతీయ పాఠశాలలలో చదువు ఇంగ్లీషున సాగెను. 1864 నుండి జననములన్నియు ప్రభుత్వ పుస్తకములకెక్కెను. ఐరిష్ పేరునకు ఇంగ్లీషులో సమానమైన పేరు లేనప్పుడు, చెవికి కొంచెము దగ్గరగా వినబడునదో, ఆనవాయితీగా వచ్చునదో ఒకటి వ్రాయుట అలవాటయ్యెను. టైగ్ అనువాడు తిమోతి అయ్యెను. దొనఖా డెనిస్ అయ్యెను. కొనర్ కార్నీలియస్ అయ్యెను. డియర్మిడ్ జెరెమాయా అయ్యెను. ప్రవక్తయగు జెరెమాయాకును, ఐరిష్ కథలలో గ్రానియాతో లేచిపోయి అడవిపంది వాతబడిన డియర్మిడ్‌కును ఏమి సంబంధము? ఏమియు లేదు. అయినను కార్క్, కెర్రీ సీమలలో జెరెమాయాలు, కార్నీలియస్‌లు కోకొల్లలు. ఇంటిలో డియర్మిడ్, పుస్తకములో జెరెమాయా, ఇట్లు కొంతకాలము రెండును సాగెను. 1845 మొదలుకొని వచ్చిన మహాక్షామమున సుమారు పది లక్షల మంది చనిపోయి, మరి అంతమంది ఓడలెక్కి వెడలిపోయిరి. వారిలో ఐరిష్ మాట్లాడు బీదలే ఎక్కువ. భాష సన్నగిల్లిన పిదప ఇంటి పేరు మాసి, పుస్తకములోని పేరే మిగిలెను.

ఇప్పుడు కార్క్ సీమలో ఒక కుటుంబమును ఊహించుకొందము. తొలి కుమారుడు పుట్టెను. తాత పేరు జెరెమాయా. ఊరివారు ‘జెర్’ అని పిలుతురు. పూర్వపు వరుస ననుసరించినచో బిడ్డకు ఆ పేరే రావలెను. తండ్రికి తాత పేరు నిలుపవలెనని ఉన్నది. పాఠశాలలో ఐరిష్ చదివిన తల్లికి, ఆ పేరు పరాయి పాలనలో అంటుకొన్నదనియు, దాని క్రింద ఉన్న డియర్మిడ్‌ను తిరిగి తెచ్చుటయే తాతకు గౌరవమనియు తోచినది. ఇరువురును తాతనే తలచుచున్నారు. ఎవరి మాట న్యాయము?

తల్లి పక్షమున చెప్పదగినది చాల ఉన్నది. 1892లో డగ్లస్ హైడ్ డబ్లిన్‌లో చేసిన ప్రసిద్ధోపన్యాసమున, తమ పేర్లను తామే మార్చుకొని సిగ్గుపడు ఐరిష్‌వారిని గట్టిగా మందలించెను. మరుసటి యేట గేలిక్ లీగ్ ఏర్పడెను. హైడ్ 1938లో ఆ దేశమునకు తొలి అధ్యక్షుడయ్యెను. పేరు కొరకు కోర్టు కెక్కినవారును కలరు. డొనెగాల్ సీమకు చెందిన నీల్ మక్ గిల్లా వ్రీజె అను కవి తన బండిమీద పేరును ఐరిష్‌లో వ్రాయించినందుకు జుల్మానా వేయబడెను. 1905లో ఆతని పక్షమున డబ్లిన్‌లో వాదించినవారిలో పాట్రిక్ పియర్స్ ఒకడు. 1916 తిరుగుబాటునకు నాయకుడై కాల్చి చంపబడిన పియర్స్ ఆయనే. వ్యాజ్యము ఓడిపోయెను. ఆ బండివాని ఇంటిపేరును గమనింపుడు: బ్రిజిత్ అను పుణ్యస్త్రీ సేవకుని కొడుకు అని దాని అర్థము. పైన చెప్పిన గిల్లాయే మరల కనబడినది. పాట్రిక్ వుల్ఫ్ అను మతాచార్యుడు 1923లో పిల్లలకు పెట్టదగిన ఐరిష్ పేర్లను కూర్చి పుస్తకము ప్రకటించెను. స్వతంత్ర రాజ్యము ఏర్పడి అప్పటికి ఏడాదియే.

తండ్రి పక్షమున ఉద్యమములు లేవు, ఉపన్యాసములు లేవు. సమాధిరాతిమీద చెక్కిన పేరు జెరెమాయా అనునదొకటియే ఆయన వాదము.

భాష బోధించు మేము తల్లివైపు మొగ్గుదుమని మీరు అనుకొనవచ్చును. మేమును చాలనాళ్లు అట్లే అనుకొంటిమి. కాని మా తాతగారి పేరును ఊరి లెక్కలలో ‘మోదీను సాయిబు’ అని వ్రాసిరి. మొహియుద్దీన్ అనునది సరియైన రూపమని మాకు తెలియును, చదువురాని మా తాతగారికి తెలియదు. ఊరివారందరును ఆయనను మోదీను అనిరి. ఆయన దానికే పలికిరి. ఒకమారు మేము ఇంటి కాగితములలో దానిని దిద్దబోగా మా నాయనమ్మగారు, “ఆ పేరుగలవాడు ఎవరు నాయనా? ఆయనను నేనెరుగను” అనిరి. మేము కలము క్రింద పెట్టితిమి. కావున నాలుగు తరములవారు మోసిన జెరెమాయాను దొంగ పేరని కొట్టివేయుటకు మాకు నోరు రాదు. తాత ఆ పేరుతోనే ప్రేమింపబడెను, ఆ పేరుతోనే అప్పులు తీర్చెను.

పుస్తకమునందలి పేరు మార్పులేనిదనియు అనుకొనరాదు. దేశాధ్యక్షుడైన ఏమన్ డి వలేరా 1882లో న్యూయార్కులో పుట్టినప్పుడు జనన పత్రమున జార్జి అని వ్రాయబడెను; బాప్తిస్మమున ఎడ్వర్డు; ఐరిష్ నేర్చిన పిదప ఏమన్.

పేరు ఎన్నుకొనునప్పుడు చెవిని మరువరాదు. ఐరిష్‌లో బిడ్డను పిలిచినప్పుడు పేరు మొదటి అక్షరము మారును. షాన్‌ను పిలుచునప్పుడు ‘అ హ్యాన్’ అందురు. పాద్రిగ్‌ను ‘అ ఫాద్రిగ్’, మార్తీన్‌ను ‘అ వార్తీన్’, షేమస్‌ను ‘అ హేమిష్’ అందురు. స్కాట్లండులో వినబడు హేమిష్ అను పేరు ఈ పిలుపునుండి పుట్టినదే, పిలుపునే పేరనుకొనిరి. షాన్ ఫాద్రిగ్ విహిల్ అన్నప్పుడు పాద్రిగ్ ఫాద్రిగ్ అయినదియు, మిహాల్ విహిల్ అయినదియు షష్ఠీ విభక్తిలో వచ్చు ఇట్టి మార్పే. మనకు సంబోధనలో మార్పు చివర వచ్చును: రాముడు, రామా. పదము మొదట వచ్చు మార్పు వింతగా తోచినచో మన గసడదవాదేశమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. వాడు పోయె అనునది వాడువోయె అగుటలేదా? కారణములు వేరైనను చెవికి అదియొక పరిచితమైన దారి. వ్రాతలోను మెలకువ కావలెను. షాన్ పేరులో ‘అ’మీద ఏటవాలు గీత ఉండవలెను. అది లేనిచో ఆ అక్షరములకు ఐరిష్‌లో ‘ముసలి’ అని అర్థము! ఈ గీతను కంప్యూటర్లు మింగివేయుచున్నవని ఫిర్యాదులు రాగా, ప్రభుత్వ సంస్థలు పేర్లను గీతతో సరిగా వ్రాయవలెనను నిబంధనను 2021 నాటి అధికార భాషల సవరణ చట్టమున చేర్చిరి.

నేటి తల్లిదండ్రుల ఎన్నిక వేరు దారులలో నడచుచున్నది. 1960 దశకమున జాన్, పాట్రిక్, మైకేల్, జేమ్స్ పేర్లు పట్టికకు తలమీద ఉండెను. 2007 నుండి 2023 వరకు, 2016 ఒక్కటి తప్ప, ప్రతి యేటను జాక్ ప్రథమస్థానమున నిలిచెను. జాక్ అనునది జాన్‌కు ముద్దుపేరే గనుక పాత పేరు పూర్తిగా పోలేదనవచ్చును. పాట్రిక్ చాల దిగిపోయినది. దానితోపాటు ఫిన్, ఉషీన్, టైగ్ వంటి కథాపురుషుల పేర్లును, పాత పేర్లును పైకి వచ్చినవి. తిమోతిగా మారిన టైగ్ మరల టైగ్ అయినాడు. ఉత్తర ఐర్లాండులో కేథలిక్కులను తిట్టుటకు వాడిన పేరు అదియే; దానినే నేడు బిడ్డలకు ముచ్చటగా పెట్టుకొనుచున్నారు. డియర్మిడ్ పేరుమీదను మచ్చ ఉన్నది. నార్మనులను దేశమునకు పిలిపించిన లెయిన్‌స్టర్ రాజు పేరు డియర్మిడ్. అయినను జనులు దానిని విడువలేదు.

మా ఊహలోని కుటుంబమునకు గడువు మూడు నెలలు. ఆలోగా జననమును నమోదు చేయించుట అక్కడి చట్టము. జెరెమాయా మొదటను, డియర్మిడ్ రెండవదిగను వ్రాయించుకొనుమని మేమైతే చెప్పుదుము. వాడు పండ్రెండేండ్ల ప్రాయమున చర్చిలో స్థిరీకరణము పొందునాడు మరియొక పుణ్యపురుషుని పేరును తానే ఎన్నుకొనును. అది మాత్రము తల్లిదండ్రులు వానిని అడిగి తెలిసికొనవలసినదే.