కట్టేది కొడుకు, వాడేది అమ్మ

చెల్లీ, మీ ఇంటి నెట్ బిల్లు పీడీఎఫ్ తెరిచి పైనుంచి కిందిదాకా ఎప్పుడైనా చదివావా? ఎంత కట్టామన్నది కాదు, దేనికెంత వేశారన్నది.

కరెంటు బిల్లయితే మనం వదలం. రీడింగ్ తీసే అబ్బాయి చీటీ చింపి చేతిలో పెట్టగానే గుమ్మంలోనే నిలబడి పోయిన నెల ఎంత, ఈ నెల ఎంత అని చూసుకుంటాం. నాలుగు యూనిట్లు ఎక్కువొస్తే గీజర్ ఎవరు వదిలేశారని ఇంట్లో ఆరా తీస్తాం. నెట్ బిల్లుకు ఆ చీటీ లేదు. అది ఎవరి మెయిల్‌కో పోతుంది, డబ్బు ఎవరి ఖాతాలోంచో దానంతటదే పోతుంది.

మా పిన్ని కాకినాడలో ఒక్కతే ఉంటుంది. కొడుకు డాలస్‌లో. అమ్మ రోజూ కళ్ల ముందు కనబడాలని నెట్ పెట్టించాడు, ఆటోపే పెట్టాడు. 699 రూపాయల ప్లాను, పన్నుతో ఎనిమిది వందల చిల్లర అని వాడి లెక్క. సంక్రాంతికి వెళ్లినప్పుడు పిన్ని ఫోన్లో ఆ కంపెనీ యాప్ వేసి, బిల్లు దింపి, ఇద్దరం మంచం మీద కూర్చుని వరసగా చదివాం. ప్లాను అద్దె 699. దాని కింద చిన్న అక్షరాల్లో ‘యాడ్ ఆన్’ అని 150. రెండూ కలిపి 849, దాని మీద 18 శాతం జీఎస్టీ 152.82. మొత్తం 1,001.82. అసలు రావలసింది 824.82. ఆ నూట యాభై ఏమిటని చూస్తే సినిమాల ప్యాకు. మూడు నెలలు ఉచితమని తగిలించి, ఆ తర్వాత నుంచి డబ్బు వసూలు చేస్తున్నారు. పిన్ని భక్తి చానల్ తప్ప ఇంకోటి పెట్టదు. నెలకు 177 రూపాయలు, ఏడాదికి 2,124. ఆవిడ బీపీ మాత్రలకు సరిపోయే డబ్బమ్మా అది.

కొడుకు ఆ బిల్లు మెయిళ్లు తెరవలేదు. తెరిచినా, ఆ ప్యాకు అమ్మే అడిగి పెట్టించుకుందేమో అనుకునేవాడు. ఇక పిన్నికి తెలిసినవి వాడికి తెలియవు. వానాకాలంలో స్తంభం దగ్గర కేబుల్ తెగి వారం దాటినా నెట్ రాలేదన్న సంగతి ఆవిడకు తెలుసు. ‘వాడికెందుకు చెప్పడం, అక్కడ వాడి తిప్పలు వాడికున్నాయి’ అని ఊరుకుంది. లైను చెడిపోయిన ఫిర్యాదు మూడు పనిదినాలు దాటినా పరిష్కరించకపోతే అద్దెలో కొంత తగ్గించాలని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006 నాటి నాణ్యతా నియమాల్లోనే రాసింది. కానీ ఆ ఫిర్యాదు నమోదై ఉండాలి కదా. నెట్ రాని రోజులకు కూడా మా తమ్ముడు పూర్తి డబ్బు కట్టాడు.

నాకు కడుపు మండేది ఇక్కడే. కట్టేవాళ్లకు వాడకం కనబడదు, వాడేవాళ్లకు బిల్లు కనబడదు. మన జిల్లాల్లో ఇలాంటి ఇళ్లు ఎన్ని ఉన్నాయో నీకూ తెలుసు. పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో సముద్రాల అవతలో, అమ్మానాన్నలు ఊళ్లో. మధ్యలో ఎవరూ చదవని బిల్లు. అందుకే నేను ముందుగా చెప్పేది, కనెక్షన్‌లో రిజిస్టరైన ఫోన్ నంబరు ఇంట్లో ఉన్న మనిషిదై ఉండాలి. బిల్లు మెసేజ్ ఆ ఫోనుకు రావాలి, ఫిర్యాదు ఆ ఫోను నుంచే వెళ్లాలి. డబ్బు ఎవరైనా కట్టనీ.

ఆటోపే వద్దని నేననను, గడువు మరిచిపోయే వాళ్లకు అది సౌకర్యమే. అయితే యూపీఐలో ఆటోపే ఒప్పుకునేటప్పుడు గరిష్ఠ మొత్తం అని ఒకటి కనిపిస్తుంది. బిల్లు ఎనిమిది వందలైతే అక్కడ ఐదు వేలని నింపి ఉంటే ఎందుకు ఒప్పుకోవాలి? డబ్బు తీసుకునే ముందు కనీసం 24 గంటల ముందుగా మెసేజ్ రావాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది. ఆ మెసేజ్‌లో అంకె తేడాగా కనిపిస్తే యాప్‌లోకి వెళ్లి ఆటోపే ఆపేయవచ్చు, తర్వాత నికరంగా కట్టవలసింది విడిగా కట్టవచ్చు.

ఇక అడగడం సంగతి. అడగందే అమ్మైనా పెట్టదంటారు, కంపెనీ పెడుతుందా? కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ‘చూస్తాం మేడమ్’ అంటారు. ఆ మాటతో ఫోన్ పెట్టేయకు. ‘డాకెట్ నంబర్ చెప్పు బాబూ’ అని అడుగు. 2012లో ట్రాయ్ తెచ్చిన ఫిర్యాదుల నియమాల ప్రకారం ప్రతి ఫిర్యాదుకూ ఆ నంబరు ఇచ్చి తీరాలి. అది లేకపోతే నువ్వు మాట్లాడినట్టు సాక్ష్యమే లేదు. బిల్లు తగువు నెలన్నర దాటకుండా తేల్చాలి, తేలాక వారంలోగా డబ్బు సర్దాలి. నీకు నచ్చని జవాబొస్తే అదే కంపెనీలో అప్పీలు అధికారి ఉంటారు. ముప్పై రోజుల్లోపు అప్పీలు పెట్టాలి, వాళ్లు 39 రోజుల్లో తేల్చాలి. దీనికి రుసుమేమీ లేదు. బాగా చిన్న ప్రొవైడర్లకు మాత్రం ఈ అప్పీలు ఏర్పాటు నుంచి మినహాయింపు ఉంది. నేరుగా ట్రాయ్‌కి రాస్తానంటావేమో, ట్రాయ్ ఒక్కొక్కరి తగువు విచారించదు.

పిన్ని ఫోన్ పట్టుకుని మొహమాటపడింది. ‘నూట యాభై కోసం అంత రభస ఎందుకే’ అంది. నేను పక్కన కూర్చుని మెయిల్ టైప్ చేశాను. ఏ నెల బిల్లు, బిల్లు నంబరెంత, ఏ పద్దు మేము అడగలేదు, ఎంత వెనక్కి రావాలి, అంతే. కోపం ఒక్క ముక్క పెట్టలేదు. ప్యాకు వెంటనే తీసేశారు, గత రెండు నెలల డబ్బు తర్వాతి బిల్లులో తగ్గించారు. అంతకు ముందు నెలలది కుదరదన్నారు. దానికి అప్పీలు పెట్టించాను, ఈసారి తన ఫోను నుంచి పిన్నే పంపింది.

అక్కడా తేలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. టెలికం తగువులు వినియోగదారుల కోర్టుకు రావని 2009లో సుప్రీంకోర్టు తీర్పు ఒకటి ఉండటంతో చాలాకాలం జనాన్ని వెనక్కి పంపేవారు. దాన్ని దాటించింది అహ్మదాబాద్ మనిషి ఒకాయన తెచ్చిన కేసు. నెలకు సగటున 555 రూపాయలొచ్చే ఆయన మొబైల్ బిల్లు 2013 చివర్లో ఒక్క నెలకు 24,609 రూపాయలొచ్చింది. ఆయనదీ క్రెడిట్ కార్డు మీద ఆటోపేనే. ఆయన 2014లో వినియోగదారుల ఫోరానికి వెళితే, అసలు ఈ కేసు ఇక్కడ నడుస్తుందా లేదా అన్న ప్రశ్న మీదే సుప్రీంకోర్టు దాకా పోయింది. నడుస్తుందని 2022 ఫిబ్రవరిలో తీర్పొచ్చింది. అన్నేళ్లు పట్టుబట్టి నిలబడిన ఆ మనిషికి మనమంతా రుణపడి ఉన్నామనే అంటాను. 2019 చట్టంలోనైతే టెలికం సేవలని పేరు పెట్టి మరీ రాశారు. నువ్వున్న జిల్లాలోనే వేయవచ్చు, ఇ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో పెట్టవచ్చు, మనలాంటి చిన్న మొత్తాలకు ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. గొడవ మొదలైన రెండేళ్లలోపు వేయాలి, అది మాత్రం మరవకు.

ఇంకొకటి చెప్పాలి, ఇల్లు మారేటప్పుడు వచ్చే చిక్కు. నెట్ వద్దని ఫోన్లో చెప్పి సామాను సర్దుకుని వెళ్లిపోతాం. ఆర్నెల్ల తర్వాత పాత బాకీ అని, రూటర్ అప్పగించలేదని బిల్లొస్తుంది. రూటర్ అడుగున సీరియల్ నంబరు చీటీ అంటించి ఉంటుంది, ముందు దాన్ని ఫోటో తీసుకో. తీసుకెళ్లడానికి వచ్చిన అబ్బాయి ‘రసీదు తర్వాత వస్తుంది మేడమ్’ అంటే, పాపం ఎండలో వచ్చాడు, మంచినీళ్లివ్వు, కానీ రూటర్ ఇవ్వకు. ఆ సీరియల్ నంబరు, తేదీ, తన పేరు రాసి సంతకం పెట్టాకే చేతికివ్వు. కనెక్షన్ మూసేయమన్న మాట కూడా మెయిల్లో పెట్టి డాకెట్ నంబర్ తీసుకో. రెండూ డబ్బు కట్టే పిల్లలకు వాట్సాప్ చేయి. డిపాజిట్ తిరిగి వచ్చేది వాళ్ల ఖాతాకే కనుక వచ్చిందో లేదో చూడాల్సింది వాళ్లు. రాకపోతే మళ్లీ మెయిల్ పెట్టాల్సింది నువ్వు.