గోడ లేని నీళ్లలో

పూల్‌లో ఆగకుండా నలభై ల్యాపులు కొట్టగలను గానీ, కృష్ణలో దిగితే పది బారలకే ఊపిరాడదేంటక్కా? ఈతకొచ్చే చెల్లెళ్లు చాలామంది నన్నడిగే మాట ఇది. చేతుల్లో సత్తువ చాలలేదనుకుని మళ్లీ పూల్‌కే పోయి ఇంకో పది ల్యాపులు పెంచుతారు. లోపం అక్కడ లేదమ్మా.

పూల్‌లో కాసేపటికోసారి గోడ వస్తుంది. దాన్ని తన్నిన ప్రతిసారీ ఒంటికి కాస్త విశ్రాంతి, మనసుకు బోలెడు భరోసా. అడుగున గీత చూసుకుంటూ తిన్నగా పోతాం. నదిలో గోడా లేదు, గీతా లేదు. నీళ్లలో చెయ్యి చాపితే మన వేళ్లే మనకు కనబడవు. కాలికి నాచు తగిలితే చాలు, గుండె జల్లుమంటుంది. పైగా పొద్దున్నే చల్లటి నీళ్లలో ఒక్కసారిగా మునిగితే ఒళ్లు ఉలిక్కిపడి గాలి గబగబా లాగేస్తుంది. ఆ కాసేపూ ఊపిరి మన మాట వినదు. రెండు మూడు నిమిషాల్లో దానంతటదే సర్దుకుంటుంది. ఆ సంగతి తెలియక సరిగ్గా ఆ నిమిషాల్లోనే ఒడ్డు అందుకోవాలని కొట్టుకుంటాం, అలసిపోతాం.

అందుకే చెల్లీ, దిగగానే ఈదకు. నడుంలోతులో నిలబడు. మొహం మీద, మెడ మీద నీళ్లు చల్లుకో. మొహం నీళ్లలో పెట్టి ముక్కుతో, నోటితో బుడగలు వదులు. నెమ్మదిగా, పూర్తిగా వదులు. భయమేసినప్పుడు మనం గాలి లోపలికే లాగుతాం, వదలడం మర్చిపోతాం. పాత గాలి ఖాళీ కాకుండా కొత్త గాలికి చోటెక్కడిది? మొహం నీళ్లలో ఉన్నంతసేపూ సన్నగా వదులుతూనే ఉంటే, తల తిప్పినప్పుడు పీల్చుకోవడం ఎంత తేలికో నీకే తెలుస్తుంది.

ఇక నేను అందరికీ గట్టిగా చెప్పేది, ఆగడం నేర్చుకోమని. పూల్ నడిమధ్యలో, గోడ ముట్టుకోకుండా, ఈత ఆపి వెల్లకిలా తిరుగు. చెవులు నీళ్లలో మునగనీ, పొట్ట పైకి తేలనీ. ఇరవై ఊపిర్లు లెక్కపెట్టుకుని మళ్లీ బోర్లా తిరిగి సాగిపో. రోజూ చెయ్యి. కంగారు పుట్టినప్పుడు ఒళ్లు తనంతట తాను వెల్లకిలా తిరిగేదాకా చెయ్యి. అలసినా ఇక్కడే తేలి ఉండగలను అన్న నమ్మకం ముందు కుదరాలి. వేగం సంగతి తర్వాత చూసుకుందాం.

మన సామర్లకోట ఆడపడుచు గోలి శ్యామల గారికీ ఒకప్పుడు నీళ్లంటే భయమే. నలభై దాటాక ఈత నేర్చుకుని, 2021లో శ్రీలంక నుంచి ధనుష్కోటి వైపు పాక్ జలసంధి దాటారు. యాభై దాటాక, 2024 డిసెంబరు చివర్లో విశాఖలో దిగి, రోజుకింత చొప్పున దాదాపు 150 కిలోమీటర్లు ఈదుకుంటూ జనవరి మొదట్లో కాకినాడ చేరారు. ఈ వయసులో నాకెందుకని ఎవరైనా అంటే నాకు నిజంగా బాధేస్తుంది.

దారి తప్పకుండా ఉండటానికీ ఓ పద్ధతుంది. ఆరేడు బారలకోసారి, మొసలిలా కళ్లు మాత్రమే నీటి పైకి తెచ్చి ముందుకు చూడు. ఆ వెంటనే తల పక్కకు తిప్పి ఊపిరి తీసుకో. తల మొత్తం ఎత్తావంటే నడుము మునిగిపోతుంది, మెడ పట్టేస్తుంది. గురుతుగా ఎత్తైనది పెట్టుకో. విజయవాడలో అయితే ఇంద్రకీలాద్రి ఉండనే ఉంది. రెండు పక్కలా ఊపిరి తీసుకోవడం అలవాటు చేసుకుంటే, కెరటం ఒకవైపు నుంచి కొడుతున్నప్పుడు రెండో వైపు తిరగొచ్చు.

కొన్ని విషయాల్లో మాత్రం నేను మొహమాటపడను. ఒంటరిగా దిగొద్దు. ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తిన రోజుల్లో కృష్ణ జోలికే పోవద్దు. విశాఖ ఆర్కే బీచ్‌లో కెరటాలు విరగకుండా నున్నగా కనిపించే చోటే లోపలికి లాగే ప్రవాహం ఉండొచ్చు. అందులో చిక్కితే ఒడ్డుకు ఎదురీదకు, ఒడ్డు వెంబడి పక్కకు ఈది బయటపడు. అంత ఓపిక లేకపోతే తేలుతూ చెయ్యి ఊపు.

చుడీదార్‌తో దిగొద్దు, నీళ్లు పీల్చి కిందికి లాగుతుంది. మోకాళ్ల దాకా, చేతుల దాకా కప్పే స్విమ్‌సూట్లు దొరుకుతున్నాయి, మొహమాటం అక్కర్లేదు. మెడకూ చంకలకూ వాజిలీన్ రాసుకో, లేకపోతే ఉప్పునీటిలో ఒరుసుకుపోయి మంటపుడుతుంది. నెలసరి రోజుల్లో కప్పు వాడటం అలవాటుంటే నిక్షేపంగా ఈదొచ్చు. ఒంట్లో నలతగా ఉంటే మానెయ్, అదేం ఓటమి కాదు. మన దేశపు ఈతగత్తె ఆరతీ సాహా 1959 ఆగస్టులో ఇంగ్లిష్ ఛానెల్ మొదటిసారి దాటలేకపోయింది. సెప్టెంబరు 29న మళ్లీ దిగి దాటింది, ఆసియాలో ఆ ఘనత సాధించిన మొదటి మహిళ అయింది.

వచ్చే ఆదివారం నాతో రా. ఒడ్డు వెంబడే, మెడలోతు దాటకుండా, ఓ వంద మీటర్లు ఈది మూడుసార్లు ఆగుదాం. అంతే, ఇంటికొచ్చేద్దాం. మెరిసే రంగు క్యాప్ ఒకటి కొనుక్కో. నడుముకు కట్టుకునే నారింజ రంగు గాలితిత్తి మాత్రం కొనకు, నా దగ్గర ఇంకోటుంది.