తెరచాటు కొలువు

రాత్రి పదిగంటలు కావచ్చినది. కోస్తాలోని యొక చిన్న పట్టణమున నాటక పరిషత్తు జరుగుచుండగా, రంగస్థలమునకు వెనుకవైపున నిలుచుండి నేను కన్నులార చూచిన దృశ్యము నొకదానిని ముందుగా విన్నవించెదను. ఆట ముగించిన సమాజమువారు తమ సెట్టింగును విప్పుకొనుచుండగా, రానున్న నాటికవారు తలుపులను, కిటికీలను, నులకమంచమును మోసికొనివచ్చి మెట్లకడ వేచియుండిరి. మేకప్ గదిలో నొక నటి పిన్నీసు దొరకక తొందరపడుచుండెను. న్యాయనిర్ణేతలకు టీ అందలేదు. లైటింగ్ చూచు కుర్రవాడు వైరు కాలినదని నిచ్చెన మీదినుండి కేకవేసెను. ఈ కోలాహలము నడుమ, అట్టకు బిగించిన కాగితము చేతబట్టి, భుజమున తువాలు వేసికొనిన యొక నడివయస్కుడు ఎవ్వరిపైనను గొంతు హెచ్చింపక, ఒక్కొక్క చిక్కునే విప్పుకొనుచు పోయెను. పదునేను నిమిషములలో తెర లేచినది. ఆయన పేరు ఆహ్వానపత్రికలో లేదు. విచారింపగా, బ్యాంకులో గుమాస్తా యనియు, ఇరువది యేండ్లుగా పరిషత్తు జరుగు నాలుగుదినములును సెలవుపెట్టి ఈ పని చేయుచున్నాడనియు తెలిసినది.

ఆ తువాలు మనిషి చేసిన పనికే నేడు కళానిర్వహణమను పేరు వచ్చినది. నగరములలో దీనినే ఆర్ట్స్ మేనేజ్‌మెంట్ అనుచున్నారు. చిరకాలముగా మన సీమలో ఇది సెలవుదినముల సేవగాను, సంపన్నుల వేడుకగాను సాగినదే గాని, నెలజీతము నిచ్చు వృత్తిగా దీనిని భావించినవారు అరుదు. కళను ప్రేమించు యువజనులందరును నటులో, గాయకులో, చిత్రకారులో కానక్కరలేదు, అందరును కాజాలరు. కాని, కళాకారునకును ప్రేక్షకునకును నడుమనున్న ఆ నాలుగడుగుల చోటున నిలిచి, తలుపు తెరచుటకును, లెక్క వ్రాయుటకును, ఇచ్చిన మాట నిలుపుటకును శిక్షణ పొందినవారు మన ఊళ్లకు ఎందరో కావలసియున్నారు. డిగ్రీ ముగించి దారి వెదకుకొను విద్యార్థులలో అట్టి మనసు గలవారి కొరకే ఈ వ్యాసము.

నిర్వహణము మనకు క్రొత్తవిద్య యనుకొనరాదు. 1885లో కడప జిల్లాయందలి సురభి గ్రామమున కీచకవధతో ఆరంభమై, తరతరములుగా కుటుంబములే నాటక సమాజములై వర్ధిల్లిన సురభివారి చరిత్రను తలచుకొనుడు. ఆ మాయాబజారు వైభవములకు వెనుక, డేరా యెచ్చట వేయవలెను, చంటిబిడ్డలకు పాలెక్కడ దొరకును, వాన కురిసి వసూలు లేకపోయిన మరునాడు పొయ్యి యెట్లు వెలుగును అను లెక్క యంతయు ఇంటి పెద్దల తలలోనే యుండెడిది. పద్యనాటకములు వెలుగొందిన దినములలో పేరుమోసిన నటులనొకచోట కూర్చి, టిక్కెట్టు పెట్టి ఆడించిన కాంట్రాక్టరులుండిరి. 1929లో ఆంధ్ర నాటక కళా పరిషత్తు తెనాలిలో వెలసినది. వేటపాలెమునందు 1918లో నెలకొన్న సారస్వత నికేతనము, గాంధీమహాత్ముడు స్వహస్తములతో శంకుస్థాపన చేసిన భవనమున, పాతపత్రికల సంచికలను కాపాడుకొనుచు వచ్చినది. ఇట్టివానిలో పెక్కింటిని నిలిపినవారు జీతగాండ్రు కారు. ఒక వదాన్యుని సంచియు, ఒక కార్యదర్శి ఓపికయు. ఆ రెండును ఒక తరముతో తీరిపోవునట్టివి. కార్యదర్శి కాలధర్మము నొందిన పిదప తలుపులు మూసికొన్న కళాసమితులను నేనెరుగుదును. బీరువా తాళపుచెవి యెవరి యింట నున్నదో చెప్పగలవారును లేక, లోపలనున్న ఫొటోలును కరపత్రములును చెదల పాలైనవి.

ఇదిగాక, కళకు ధనము వచ్చు త్రోవయే మారిపోయినది. జమీందారు మెచ్చి కప్పిన శాలువ స్థానమున నేడు దరఖాస్తు ఫారము వచ్చి కూర్చున్నది. 2013 నాటి కంపెనీల చట్టము ననుసరించి, నిర్ణీత పరిమాణమునకు మించిన సంస్థలు తమ గడచిన మూడేండ్ల సగటు నికరలాభములో 2 శాతమును సామాజిక కార్యములకు వెచ్చింపవలెను. ఆ కార్యముల పట్టికలో వారసత్వ సంపద, సంప్రదాయ కళలు, హస్తకళలు, ప్రజాగ్రంథాలయములు స్పష్టముగా చేరియున్నవి. కేంద్ర సాంస్కృతిక శాఖ నాటక బృందములకును, గురుశిష్య పరంపరకును గ్రాంటుల నొసగుచున్నది. మన రెండు రాష్ట్రములకును సభ్యత్వమున్న సాంస్కృతిక కేంద్రములు తంజావూరునందును నాగపురమునందును గలవు. అవి ఉత్సవములకు బృందములను పిలిపించును. బెంగళూరునందలి ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ 1993లో స్థాపితమై, కళాకారులకును పరిశోధకులకును సహాయధనము నిచ్చుచున్నది. ద్వారములిన్ని యుండియు మన కళాకారులలో పలువురు గడప దాటలేకున్నారనగా, లోపము వారి కళలో లేదు. కాగితము నడుపువారు లేకపోవుటలోనే యున్నది.

ఒక తోలుబొమ్మలాట కుటుంబముతో కూర్చుండి దరఖాస్తు పూరించిన అనుభవము నాకు కలదు. ధర్మవరము చేరువనున్న నిమ్మలకుంట పేరు పాఠకులు వినియుందురు. అచటివారు ఆటలు తగ్గిన కాలమున ఆ తోలుతోనే దీపపు తొడుగులు చేసి జీవనము సాగించుచున్నారు. నేను చూచిన కుటుంబమును రాయలసీమలో అట్టి స్థితిలోనే యుండెను. ఫారములో, గడచిన సంవత్సరములలో ఇచ్చిన ప్రదర్శనల వివరములు తేదీలతో వ్రాయుడని యుండెను. ఇంటి పెద్ద యొక రేకుపెట్టె తెచ్చి మా ముందర బోర్లించెను. వెలిసిన కరపత్రములు, మడతలకడ చిరిగిన ప్రశంసాపత్రములు, వాని నడుమ విరిగిన హనుమంతుని తోక. తేదీ యడిగినచో ఆయన వానకాలములను లెక్కించి చెప్పును. “ఆ ఏడు వానల్లేవు సామీ, గుడికాడ మూడు రాత్రులు ఆడినాము, నాలుగోనాడు తెల్లారుజామున కురిసింది” అనెను. ఆ వాన యే సంవత్సరమున కురిసినదో గుడి ధర్మకర్తను అడిగి, జాతర కరపత్రముతో సరిచూచి, ఒక్కొక్క గడి నింపుటకు మాకు రెండు దినములు పట్టినది. ఆ రెండు దినముల పనిని నేను తక్కువ పనిగా నెన్నడును తలచలేదు. ఆయన జ్ఞాపకము ప్రభుత్వమునకు అర్థమగు భాషలోనికి మారినది అప్పుడే; ఈ వృత్తియందలి నేర్పంతయు అట్టి అనువాదమునందే యున్నదని నా అభిప్రాయము.

కావున ఈ వృత్తిలో ప్రవేశింపగోరువారు రాగతాళములతోపాటు కొన్ని శుష్కవిషయములను గూడ శ్రద్ధతో నేర్వవలెను. ఏడుగురు కలిసినచో 2001 నాటి సొసైటీల చట్టము క్రింద సంఘమును రిజిస్టరు చేయవచ్చును. కాని అటుపిమ్మట సర్వసభ్య సమావేశపు మినిట్సు వ్రాయుట, కార్యవర్గపు జాబితాను ఏటేట దాఖలు చేయుట, లెక్కలు ఆడిటు చేయించుట, దాతకు ఆదాయపు పన్ను మినహాయింపు కలిగించు నమోదు సంపాదించుట, కేంద్రపు గ్రాంటుల కొరకు దర్పణ్ పోర్టల్‌లో సంస్థపేరు చేర్చుట మున్నగునవి యుండనే యున్నవి. రాత్రి పది దాటిన పిదప మైకు నడుపరాదని 2000 నాటి శబ్దకాలుష్య నియమములు చెప్పుచున్నవి. పండుగలకును సాంస్కృతికోత్సవములకును ఏడాదికి పదునేను దినములకు మించకుండ అర్ధరాత్రివరకు సడలింపునిచ్చు అధికారము రాష్ట్ర ప్రభుత్వమునకు గలదు. మూడవ నాటిక మధ్యలో పోలీసు వచ్చి మైకు ఆపించిన పరిషత్తువారికి ఈ నియమము విలువ తెలియును.

ప్రవాసుల విరాళముల విషయమై మరియొక ముఖ్యాంశము చెప్పవలసియున్నది. ఇందు పొరబడని సంఘము మనలో తక్కువ. అమెరికాలోని మేనల్లుడు ఊరి కళాసమితికి లక్షరూపాయలు పంపుదునన్నాడనుకొనుడు. అతడు భారత పౌరుడుగానే యుండి తన స్వార్జితమునుండి పంపినచో చిక్కులేదు. అచటి పౌరసత్వమును స్వీకరించియున్నచో, ఓసీఐ కార్డు చేతనున్నను, 2010 నాటి విదేశీ విరాళముల చట్టము దృష్టిలో అది విదేశీ ధనమే. సంఘము ముందుగా నమోదో అనుమతియో పొంది, న్యూఢిల్లీ స్టేటుబ్యాంకు ప్రధానశాఖలో తెరచిన ఖాతాలోనే దానిని స్వీకరింపవలెను. ఒక్క ప్రశ్న సకాలమున అడిగి సంఘమును చిక్కునుండి కాపాడగల యువకుడు, ఆ సంఘమునకు తన జీతముకంటె ఎక్కువ సంపాదించి పెట్టినట్లే.

ఇక కొలువులెచ్చట ననగా, ప్రభుత్వరంగమున రెండు రాష్ట్రముల భాషా సాంస్కృతిక శాఖలు, పురావస్తు శాఖలు, మ్యూజియములు, సాలార్‌జంగ్ వంటి జాతీయసంస్థలు గలవు. ఖాళీలు మితములు, ప్రకటన వెలువడినప్పుడే అవకాశము. తిరుమల తిరుపతి దేవస్థానమువారి సంగీత, సాహిత్య ప్రాజెక్టులలోను, నాదనీరాజన వేదికవంటి నిత్యకార్యక్రమములలోను కార్యక్రమ నిర్వహణము నిరంతరముగా సాగు పని. చెన్నపురి చేరువ ముట్టుకాడునందలి దక్షిణచిత్రలో, విశాఖ తీరపు హరిపురమునుండియు నల్గొండ సీమ కొయ్యలగూడెమునుండియు తెచ్చి నిలిపిన మన ఇండ్లున్నవి; ఆ ఇండ్ల యెదుట నిలిచి బడిపిల్లలకు వివరము చెప్పు ఇంటర్న్‌షిప్‌తో ఈ త్రోవ ద్రొక్కవచ్చును. 2012లో ఆరంభమైన కొచ్చి-ముజిరిస్ బియనాలె వంటి ఉత్సవములు కళాఖండములను మోసి, నిలిపి, కాపాడి, సందర్శకుల నాదరించు యువజనులను పెద్దసంఖ్యలో తీసికొనును. చేనేత, కలంకారీ, చేర్యాల పటములు, ఏటికొప్పాక బొమ్మల కళాకారులతో పనిచేయు స్వచ్ఛందసంస్థలకు లెక్కలు, ఫొటోలు, అమ్మకములు చూచువారితో ఎల్లప్పుడును పని యుండును. వివాహములును కంపెనీ వేడుకలును నడుపు ఈవెంటు సంస్థలును గలవు. అచ్చట వేగము నేర్వవచ్చును గాని, అచ్చటనే నిలిచిపోవలదని నా సలహా.

చదువు విషయమున, ఈ పనికి ఇదియే డిగ్రీ యను నిర్బంధము లేదు. హైదరాబాదు విశ్వవిద్యాలయమునందలి సరోజినీ నాయుడు స్కూలులోను, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోను రంగస్థల విద్య గలదు. తెలుగు విశ్వవిద్యాలయమున సంగీత, నృత్య, జానపద విద్యలున్నవి. మ్యూజియముల వైపు మొగ్గువారికి బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయమున 1952నుండి మ్యూజియాలజీ విభాగము కలదు. బి.కాం. చదివి నాటకమునందు ప్రీతిగల విద్యార్థిని ఒకతె నన్నడిగిన, ఎం.ఏ.కంటె ముందు ఒక ఉత్సవపు బడ్జెట్టు తయారుచేసి చూడుమందును. కామర్సు చదివినవారు తమ చదువు కళకు పరాయిదని కుంగిపోవుట నేను చూచితిని. నిజమునకు కళాసంఘములకు కరవైనది ఆ చదువే. తెలుగులో తప్పులేక ఆహ్వానము వ్రాయుట, ఆంగ్లమున గ్రాంటు ప్రతిపాదన వ్రాయుట, పల్లె కళాకారునితో ఆయన మాటలోనే మాటలాడుట, ఈ మూడును గలవానికి పని దొరకక పోదు.

వేతనమును గూర్చి నిజము చెప్పకుండుట పాపము. ఆరంభమున అది అల్పము. ప్రాజెక్టు ముగియగానే కొలువును ముగియుట తరచు. అందుచేత తొలి రెండు మూడేండ్లు సగము కాలపు ఉద్యోగముతోనో, అనువాదముతోనో, ట్యూషన్లతోనో జతచేసికొని నడుచువారే ఎక్కువ. కళాసేవ యను మాట చెప్పి జీతమెగవేయు సంస్థలనుండి తొలగిపోవుటలో మొగమాటము వలదు. పని యేమి, గడువెంత, ధనమెంత అనునది ఒక్క పుటలోనైనను వ్రాయించుకొనవలెను. నా యౌవనమున నేను పనిచేసిన యొక ఉత్సవములో, దూరమునుండి వచ్చిన డప్పు బృందమునకు ఈయవలసిన పారితోషికము ఎనిమిది నెలలకు గాని చేరలేదు. వారి పెద్ద వారమునకొకసారి ఫోను చేసి, ధనము మాట యెత్తక, “బాగున్నరా సారూ” అని మాత్రమే అడిగెడివాడు. ఆ పలుకరింపునకు బదులు చెప్పలేక నేను పడిన సిగ్గు నేటికిని మాయలేదు. అప్పటినుండి నేను తయారుచేసిన యే బడ్జెట్టులోను తొలి పంక్తి వేదికది కాదు, పూలదండలది కాదు, కళాకారుల పారితోషికముది.

మీ ఊరి పరిషత్తో, గానసభయో, గ్రంథాలయమో ఈ ఏడాది వేడుకకు సిద్ధమగుచున్నచో, వేదికమీద అవకాశమడుగక, కార్యదర్శి యింటికి పోయి గత సంవత్సరపు జమాఖర్చుల పుస్తకమును చూపుమని అడుగుడు. తొలిదినము ఆయన మిమ్ము అనుమానముగా చూడవచ్చును; రెండవదినము టీ తెప్పించును; మూడవదినము, ఏండ్లుగా సరిపడని యొక మొత్తమును వ్రేలితో చూపి, “బాబూ, ఇది ఎక్కడ తేడా వచ్చిందో నువ్వు కాస్త చూడు” అని పుస్తకమును మీవైపు త్రిప్పును.